అద్దె కారులో న్యూజిలాండ్ దక్షిణ దీవి: ప్రయాణ ప్రణాళిక గురించి ఒక పాఠకుడికి సమాధానం

ప్రశ్న: డిసెంబర్ మొదటి వారంలో ఇండియా నుంచి న్యూజిలాండ్ వెళ్తున్నాం. నేను, నా భార్య, అమ్మ, నాన్న, ఆరేళ్ల పాప. చేతిలో పన్నెండు రాత్రులు ఉన్నాయి. ఆక్లండ్‌లో కారు అద్దెకు తీసుకుని, రెండు దీవులూ చూసుకుంటూ క్వీన్స్‌టౌన్‌లో కారు వదిలేసి రావాలని ఆలోచన. చూడాలనుకున్న చోట్లు ఇప్పటికే ఇరవై దాటాయి. నిట్టనిలువు కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన మిల్‌ఫర్డ్ సౌండ్‌కు క్వీన్స్‌టౌన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చని చదివాం. నాన్నకు మోకాళ్ల నొప్పి. అమ్మకు ఘాట్ రోడ్డు పడదు, వాంతులవుతాయి. మేమిద్దరమూ కారు బాగానే నడుపుతాం. ఈ ప్రణాళిక కుదురుతుందా? ఎలాంటి కారు తీసుకోవాలి, ఇన్సూరెన్స్ ఎంతవరకు అవసరం, మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చినది అమ్మానాన్నలను, పాపను వెంటబెట్టుకుని వెళ్లాలన్న మీ సంకల్పం. ఆ సంకల్పానికి మీరు వేసుకున్న ప్రణాళిక మాత్రం సరిపడదు. ఉత్తర దీవిని ఈసారికి పూర్తిగా వదిలేయండి. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, అక్కడే కారు తీసుకుని, దక్షిణ దీవిని ఒక చుట్టు చుట్టి మళ్లీ అక్కడే అప్పగించి విమానం ఎక్కండి. ఇలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను.

ఆక్లండ్ నుంచి వెల్లింగ్టన్ సుమారు 640 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా నడిపినా ఎనిమిది గంటల పైమాటే. వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు ఓడలో మూడున్నర గంటలు పడుతుంది, అంతకు ముందు రేవులో వరుసలో వేచి ఉండే సమయం వేరు. పిక్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కు మరో 340 కిలోమీటర్లు. అంటే మీరు చూడాలనుకుంటున్న పర్వతాల అంచుకు చేరడానికే మూడు రోజులు కరిగిపోతాయి. పైగా కొన్ని అద్దె సంస్థలు తమ కార్లను ఓడ ఎక్కించనివ్వవు. ఒక దీవిలో కారు అప్పగించి, సామాను దింపుకుని, అవతలి దీవిలో మరో కారు తీసుకోమంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయనతో, చిన్నపిల్లతో ఆ పని ఎందుకు పెట్టుకోవాలి? ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో వదిలేస్తే వేసే అదనపు రుసుము కూడా, ఒకేచోట తిరిగి అప్పగిస్తే, ఉండదు.

ప్రణాళిక వేసేటప్పుడు చూడవలసిన చోట్ల పట్టికతో మొదలుపెట్టకండి. రోజుకు ఎన్ని గంటలు కారులో కూర్చోగలరు అన్న లెక్కతో మొదలుపెట్టండి. మీ కుటుంబానికి ఆ లెక్క, నా అభిప్రాయంలో, మూడు గంటలు; తప్పనిసరైన ఒకటి రెండు రోజుల్లో నాలుగు. ఫోనులోని మ్యాప్ చూపించే సమయానికి మరో సగం కలపండి, ఎందుకంటే దక్షిణ దీవి ప్రధాన రహదారులు చాలావరకు మధ్యలో డివైడర్ లేని రెండు వరుసల రోడ్లు, కొండల్లో మలుపులు ఎక్కువ. అంతకు మించి, ఆ దారుల్లో ప్రతి ఇరవై నిమిషాలకూ దిగి నిలబడాలనిపించే దృశ్యం ఒకటి ఎదురవుతుంది. అక్కడ ఆగడానికి వీలు లేనంత బిగుతుగా రోజును కట్టేసుకుంటే ఆ దేశానికి కారు తీసుకుని వెళ్లిన ప్రయోజనమే పోతుంది. బస్సు టికెట్టు కొనుక్కున్నా చాలు కదా.

ఇక దారి. మొదటి రాత్రి క్రైస్ట్‌చర్చ్‌లో ఉండండి, కారు మాత్రం విమానాశ్రయంలో దిగగానే తీసుకోకండి. డిసెంబర్‌లో న్యూజిలాండ్ గడియారం మన గడియారం కంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఏడు గంటలకు మీరు స్టీరింగ్ పట్టుకుంటే మీ శరీరానికి అది రాత్రి పదకొండున్నర. సుదీర్ఘ విమాన ప్రయాణం, నిద్రలేమి, కొత్త కారు, కొత్త రోడ్డు, ఇవన్నీ ఒకే గంటలో కలవకూడదు. టాక్సీలో బసకు వెళ్లి, పడుకుని లేచి, మర్నాడు కాస్త పొద్దెక్కాక కారు తీసుకోండి. ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది.

రెండో రోజు జెరల్డీన్, ఫెయిర్లీ మీదుగా టెకపో సరస్సుకు వెళ్లండి. సుమారు 225 కిలోమీటర్లు, మూడు గంటలు. బర్క్స్ పాస్ పేరుకు కనుమే గాని ఎక్కడం సులువు, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. టెకపో, పుకాకి సరస్సుల పాలు కలిసినట్టుండే నీలిరంగుకు కారణం హిమానీనదాలు రాళ్లను రాపాడించి చేసిన సన్నని పిండి నీటిలో తేలుతూ ఉండటమే. ఎండ ఉన్నప్పుడు ఆ రంగు నిండుగా కనిపిస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి చేరుకునేలా చూసుకోండి. 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఒడ్డునే ఉంది. ఈ ప్రాంతం 2012 నుంచి అంతర్జాతీయ చీకటి ఆకాశపు అభయప్రాంతం, అంటే నక్షత్రాలు బాగా కనిపించేలా రాత్రి దీపాలను అదుపులో ఉంచే చోటు. నక్షత్రాలు చూడాలన్న కోరిక అందరికీ ఉంటుంది. కానీ డిసెంబర్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక గాని అస్తమించడు, పూర్తి చీకటి పడేసరికి పదకొండు అవుతుంది. పాపను అంతవరకు మేలుకొలిపి ఉంచే కార్యక్రమానికి ముందే డబ్బు కట్టేయకండి. బస గుమ్మం బయట నిలబడి చూసినా చాలినంత ఆకాశం ఉంటుంది.

మూడో రోజు ఆవొరాకి, అంటే మౌంట్ కుక్, 3,724 మీటర్లతో ఆ దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం. టెకపో నుంచి 105 కిలోమీటర్లు. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. 80వ నంబరు రహదారి పుకాకి సరస్సు పడమటి ఒడ్డు వెంట వెళ్తుంది, కాబట్టి వెళ్లేటప్పుడు సరస్సు మీ కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు ఉంటుంది. అక్కడ వాహనాలు మనలాగే ఎడమవైపే నడుస్తాయి. ఫొటోల కోసం ఆగే పని తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే ఎదురు వాహనాలకు అడ్డంగా దాటనవసరం లేదు, నేరుగా పక్కకు తీయవచ్చు. ఈ లెక్క ఆ తర్వాతి దారికీ వర్తిస్తుంది. నేను చెబుతున్న దిశలో చుట్టు తిరిగితే పశ్చిమ తీరంలో సముద్రం మీ ఎడమవైపే ఉంటుంది. క్వీన్స్‌టౌన్ దక్షిణాన వాకటిపు సరస్సు వెంట ఉన్న దారిలో మీరు రెండుసార్లు వెళ్తారు, వచ్చేటప్పుడు ఆగండి.

మౌంట్ కుక్ దగ్గర అందరూ చెప్పేది హుకర్ లోయ నడక. రానూపోనూ 10 కిలోమీటర్లు, మూడు గంటలు. దాదాపు చదునే అయినా నాన్నగారికి అది ఎక్కువ. ఆ దారిలో వంతెన పనుల వల్ల పై భాగం మూసి ఉండే అవకాశం కూడా ఉంది, కనుక అక్కడి పరిరక్షణ శాఖ సమాచారం చూసుకోవాలి. కియా పాయింట్ అనే నడక గంటలో ముగుస్తుంది. నాన్నగారు వెళ్లగలిగినంత దూరం వెళ్లి కూర్చున్నా ముల్లర్ హిమానీనదం లోయ, మంచు కొండలు ఎదురుగానే ఉంటాయి. టాస్మన్ హిమానీనదం చూసే గట్టుకు మాత్రం ఆయనను తీసుకెళ్లకండి, దారంతా మెట్లే. మౌంట్ కుక్ గ్రామంలో గదులు తక్కువ, ముందే నిండిపోతాయి. అక్కడికి 65 కిలోమీటర్ల దూరంలోని ట్వైజెల్‌లో బస చేయండి. సరుకుల దుకాణం, పెట్రోల్ బంకు రెండూ ఉన్న ఊరు.

నాలుగో రోజు ట్వైజెల్ నుంచి లిండిస్ పాస్ మీదుగా క్వీన్స్‌టౌన్‌కు. సుమారు 200 కిలోమీటర్లు. లిండిస్ దగ్గర చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు అలలుగా సాగిపోతుంటాయి. ఆ దారి మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన భాగాలలో ఇదొకటి. క్రామ్‌వెల్ నుంచి కవారౌ లోయ వెంట వెళ్లండి. వానకా వైపు నుంచి క్రౌన్ రేంజ్ మీదుగా వచ్చే దారి దగ్గరే, కానీ అది 1,076 మీటర్లు ఎక్కి, క్వీన్స్‌టౌన్ వైపు హెయిర్‌పిన్ మలుపులతో దిగుతుంది. అమ్మగారు కారులో ఉన్నంతవరకు ఆ దారి మీకు లేనట్టే అనుకోండి. క్వీన్స్‌టౌన్‌లో రెండు రాత్రులు ఉండి, మధ్య రోజు కారు తీయకండి. ఆ రోజు చుట్టు ప్రయాణంలో మొదటి విశ్రాంతి. స్టీరింగ్ పట్టుకునే ఇద్దరికీ అది అవసరం.

ఇప్పుడు మిల్‌ఫర్డ్ సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ప్రయాణం చెడిపోవడానికి అన్నిటికన్నా ఎక్కువ అవకాశం ఉన్నది ఇక్కడే.

క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్‌కు ఒకవైపు 287 కిలోమీటర్లు. రానూపోనూ ఎనిమిది గంటలు కారులోనే గడుస్తాయి, పడవలో మరో రెండు గంటలు, మధ్యలో ఆగినవి వేరు. మొత్తం పద్నాలుగు గంటల రోజు. దాని చివరి గంటల్లో మీలో ఒకరు అలసిన కళ్లతో, వెనక సీట్లో నిద్రపోతున్న ముగ్గురితో కారు నడుపుతారు. ఇలా వెళ్లవలసి వస్తే బస్సులో వెళ్లండి అని ఎవరికైనా చెబుతాను. మీకు అంతకంటే మంచి మార్గం ఉంది: టె అనావులో రెండు రాత్రులు. క్వీన్స్‌టౌన్ నుంచి టె అనావు 170 కిలోమీటర్లు, రెండు గంటలు. అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ 118 కిలోమీటర్లు మాత్రమే.

ఆ 118 కిలోమీటర్లను రెండు గంటల రోడ్డుగా కాక ఒక పూర్తి ఉదయంగా లెక్కించండి. మొదట టె అనావు సరస్సు, తరువాత ఎగ్లింటన్ లోయ బంగారు గడ్డి మైదానం, అద్దాల సరస్సులు, బీచ్ అనే జాతి చెట్ల అడవి, ఆపైన ఇరువైపులా నిట్టనిలువుగా లేచే నల్లరాతి గోడలు. అద్దాల సరస్సుల దగ్గర చెక్క నడకదారి రోడ్డు పక్కనే ఉంది, నాన్నగారు సులువుగా నడవగలరు. 1954లో తెరిచిన హోమర్ సొరంగం 1.2 కిలోమీటర్ల పొడవు. మిల్‌ఫర్డ్ వైపుకు బాగా వాలుగా దిగుతుంది, లోపల రాతిగోడలు చెక్కినవి చెక్కినట్టే ఉంటాయి. వేసవి పగటిపూట సిగ్నల్ పెట్టి ఒకవైపు తరువాత మరోవైపు వదులుతారు, కనుక నిరీక్షణకు సమయం ఉంచుకోండి. సొరంగం దాటాక వరుస మలుపుల దిగుడు ఉంది, అమ్మగారికి ఈ కొన్ని కిలోమీటర్లే పరీక్ష. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, గేరు తగ్గించి, బ్రేకు మీద కాలు ఒకే ఒత్తిడిగా ఉంచి నెమ్మదిగా దింపండి. మందు ఏదైనా వేసుకోవాలంటే ఇక్కడే మీ వైద్యుణ్ణి అడిగి వెంట తీసుకెళ్లండి, దాన్ని బయలుదేరే ముందు ఇవ్వాలి, మలుపుల్లో ఇస్తే పని చేయదు.

టె అనావులో ట్యాంకు నింపుకోకుండా ఈ దారి ఎక్కవద్దు. ఊరు దాటిన కొంతసేపటికి ఫోను సిగ్నల్ కూడా పోతుంది, మ్యాప్ ముందుగానే ఫోనులో దించుకుని పెట్టుకోండి. పడవను ఉదయం తొలి వేళకో సాయంత్రం ఆలస్యపు వేళకో బుక్ చేసుకోండి, క్వీన్స్‌టౌన్ బస్సులన్నీ మధ్యాహ్నానికి చేరతాయి. మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి సుమారు 6,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, భూమి మీద మనుషులుండే చోట్లలో అత్యధిక వర్షపాతం గలవాటిలో ఇదొకటి. కాబట్టి వాన పడితే నిరాశ పడకండి: వాన పడ్డ రోజున ఆ రాతి గోడల మీంచి, అప్పటికి మాత్రమే పుట్టే జలపాతాలు వందల్లో దూకుతాయి. కానీ మితిమీరిన వానకు, కొండచరియలకు దారి మూసేస్తారు. రెండు రాత్రులు ఉండమని చెప్పడానికి ఇది మరో కారణం. ఒకరోజు పోతే ఇంకో పూట మిగులుతుంది. ఆ మంచులోయల్లో మంచుపెళ్లలు విరిగిపడే ప్రమాదం ఎక్కువగా శీతాకాలం, వసంతకాలాలది. మే నుంచి నవంబర్ వరకు టైర్లకు గొలుసులు వెంట ఉంచుకోవాలన్న నియమం డిసెంబర్‌లో మీకు వర్తించదు.

సొరంగం దగ్గర ఆగితే కియా అనే పెద్ద ఆకుపచ్చ కొండచిలుకలు కారు మీద వాలతాయి. పాప కేరింతలు కొడుతుంది. తినడానికి ఏమీ పెట్టకండి, అది వాటికి హాని. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరును, వైపర్లను అవి ముక్కుతో పీకేస్తాయి. అందుకు డబ్బు కట్టవలసింది మీరే. మిల్‌ఫర్డ్ రేవులో కుట్టే చిన్న ఈగలకు పూసుకునే మందు కూడా కొని ఉంచుకోండి.

టె అనావు నుంచి వానకా, క్రౌన్ రేంజ్ ఎక్కకుండా క్రామ్‌వెల్ మీదుగా వెళ్తే, సుమారు 275 కిలోమీటర్లు. ఒక రాత్రి వానకాలో పడుకోండి. మర్నాటిది మీ ప్రయాణంలోకెల్లా పెద్ద రోజు: వానకా నుంచి హాస్ట్ మీదుగా ఫాక్స్ హిమానీనదం గ్రామానికి సుమారు 260 కిలోమీటర్లు. ఆగకుండా నాలుగు గంటలు, మీకు ఏడు. మొదట కుడివైపు హవేయా సరస్సు, ఒక సన్నని మెడలాంటి నేలను దాటగానే ఎడమవైపు వానకా సరస్సు, తరువాత వాన అడవి. హాస్ట్ పాస్ 564 మీటర్లే, దక్షిణ ఆల్ప్స్‌ను దాటే రహదారులలో ఇదే తక్కువ ఎత్తు. ఈ దారి 1965లో గాని పూర్తి కాలేదు. అందులోని ఒంటరితనం ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది, ఊళ్లు దూరదూరం, సిగ్నల్ లేని భాగాలు పొడవు. వానకాలో ఒకసారి, హాస్ట్‌లో మరోసారి పెట్రోలు పోయించుకోండి.

ఫాక్స్‌లో రెండు రాత్రులు ఉండండి. ఇక్కడ ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. పాత ఫొటోలలో మనుషులు నడుచుకుంటూ వెళ్లి మంచును చేత్తో తాకుతున్నట్టు కనిపిస్తారు. ఫాక్స్, ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదాలు రెండూ చాలా వెనక్కు తగ్గాయి. లోయలోంచి నడిచి మంచు మీదికి వెళ్లడం ఇప్పుడు కుదరదు. దూరపు గట్టు నుంచి చూడాలి, లేదా వాతావరణం అనుకూలిస్తే హెలికాప్టర్ ఎక్కాలి. ఫాక్స్ లోయ దక్షిణం వైపు ఉన్న దారి 2019లో కొండచరియ పడి పోయింది. హెలికాప్టర్ చాలా ఖరీదు, వాన వస్తే రద్దు అవుతుంది. అయితే నాన్నగారు మంచు మీద కాలు పెట్టగలిగే మార్గం అదొక్కటే, డబ్బు ఎక్కడైనా ఖర్చు పెట్టదలచుకుంటే అక్కడ పెట్టండి అంటాను. లేకున్నా మాథెసన్ సరస్సు ఉంది. తెల్లవారుజామున గాలి లేని సమయంలో మౌంట్ కుక్, టాస్మన్ శిఖరాలు రెండూ దాని నీటిలో తలకిందులుగా కనిపిస్తాయి. దారి సులువు, వెళ్లగలిగినంత వెళ్లి వెనుదిరగవచ్చు.

తరువాత 160 కిలోమీటర్ల దూరంలోని హోకిటికాలో ఒక రాత్రి. చివరి రోజు ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్‌కు సుమారు 250 కిలోమీటర్లు. ఓటిరా దగ్గర దారి బాగా నిటారుగా ఎక్కుతుంది, 1999లో కట్టిన 440 మీటర్ల వంతెన ఆ లోయను దాటిస్తుంది. అవతల కాజిల్ హిల్ సున్నపురాళ్ల మధ్య పాప గంటసేపు పరుగులు పెట్టవచ్చు. ఆ రాత్రి క్రైస్ట్‌చర్చ్‌లోనే పడుకుని మర్నాడు విమానం ఎక్కండి. పర్వతాలు దాటి వచ్చిన రోజునే విమానం ఉండకూడదు. మొత్తం సుమారు 1,950 కిలోమీటర్లు. వానకు హాస్ట్ దారి మూసేస్తే వానకా నుంచి లిండిస్, టెకపో మీదుగా వెనక్కు రావడానికి దారి ఉంటుంది, అందుకే ఫాక్స్, హోకిటికా బసలను డబ్బు తిరిగి వచ్చే షరతు మీద బుక్ చేయండి. ప్రతి ఉదయం బయలుదేరే ముందు అక్కడి రవాణా సంస్థ వాకా కొటాహీ ఇచ్చే రోడ్ల సమాచారాన్ని, మెట్‌సర్వీస్ వాతావరణ సూచనను చూడటం అలవాటు చేసుకోండి.

కారు విషయానికి వస్తే, ఐదుగురికి ఐదు సీట్ల కారు చాలదు. వెనక సీటు మధ్యలో పిల్లల సీటు బిగిస్తే దానికి ఇరువైపులా పెద్దవాళ్లు ఇరుక్కుని కూర్చోవాలి, నాన్నగారి మోకాలు చాపుకునే చోటు ఉండదు, డిక్కీలో నాలుగు పెట్టెలు పట్టవు. ఏడు సీట్లది తీసుకుని చివరి వరుసలో ఒక సీటో రెండో మడిచి సామాను పెట్టండి. ఏడేళ్లు నిండని పిల్లలను ఆమోదించిన పిల్లల సీట్లో కూర్చోబెట్టడం అక్కడ చట్టం. బుకింగ్ సమయంలోనే పాప వయసు, బరువు చెప్పి అడగండి. దాదాపు అన్నీ ఆటోమేటిక్ గేర్లవే ఉంటాయి. డీజిల్ బండి ఇస్తామంటే ఒక ప్రశ్న అడగాలి. డీజిల్ ధరలో రోడ్డు పన్ను కలిసి ఉండదు, అది కిలోమీటర్ల లెక్కన విడిగా కట్టాలి. తేలికపాటి వాహనాలకు వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. 1,950 కిలోమీటర్లకు సుమారు 148 న్యూజిలాండ్ డాలర్లు అవుతుంది. ఆ మొత్తం అద్దెలో కలిసి ఉందో, చివర వేస్తారో తెలుసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే పద్ధతి వర్తిస్తోంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు వేసిన ప్రశ్న ముఖ్యమైనది. అద్దెలో కలిపి ఇచ్చే బీమాకు ఎక్సెస్ అనే మొత్తం ఉంటుంది, అంటే కారుకు నష్టం జరిగితే అంతవరకు మీరే భరించాలి. అది కొన్ని వేల డాలర్లు ఉండటం మామూలే, ఆ మొత్తాన్ని లేదా కొంత భాగాన్ని మీ క్రెడిట్ కార్డులో ముందే బిగబడతారు. డెబిట్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు, కార్డు పరిమితి చాలకపోతే కారు ఇవ్వరు. రోజువారీ రుసుము అదనంగా కడితే ఎక్సెస్ తగ్గుతుంది లేదా సున్నా అవుతుంది. కొండదారుల్లో, గులకరాళ్లు ఎగిరి అద్దం పగిలే చోట్ల, మొదటిసారి నడిపే మీకు సున్నా ఎక్సెస్ తీసుకోమనే నా సలహా. అయితే ఏది తీసుకున్నా మినహాయింపులు చదవండి. కారు అడుగుభాగం, పైకప్పు, తప్పు ఇంధనం పోయించడం వంటివి తరచుగా బయటే ఉంటాయి. కొన్ని రోడ్ల పేర్లు ఒప్పందంలో రాసి మరీ నిషేధిస్తారు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డు, మౌంట్ కుక్ దగ్గరి బాల్ హట్ రోడ్డు వాటిలో ఉంటాయి. ఆ రోడ్ల మీద జరిగినదానికి బీమా మొత్తంగా చెల్లదు. ఒప్పందంలో పేరు లేని వ్యక్తి నడిపినా అంతే, కనుక మీ ఇద్దరి పేర్లూ రాయించండి.

మనుషులకు దెబ్బలు తగిలితే ఏమిటన్నది వేరే సంగతి. న్యూజిలాండ్‌లో ఏసీసీ అనే ప్రభుత్వ పరిహార వ్యవస్థ ఉంది. ప్రమాదంలో గాయపడిన వారికి, తప్పు ఎవరిదైనా, సందర్శకులకు కూడా, ఆ దేశంలో అయ్యే వైద్య ఖర్చులో సాయం చేస్తుంది; అందుకు బదులుగా గాయాలకు నష్టపరిహారం కోరుతూ ఒకరి మీద ఒకరు దావా వేయడానికి సాధారణంగా వీలుండదు. ఇది జబ్బులకు వర్తించదు. రద్దయిన ప్రయాణానికీ, స్వదేశానికి తిరిగి తీసుకురావడానికీ వర్తించదు. అమ్మానాన్నల వయసును బట్టి ప్రయాణ బీమా విడిగా తీసుకోవాలి, ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాసి తీసుకోవాలి.

లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే అది చెల్లుతుంది, అసలు కార్డు చేతిలో ఉండాలి. వివరాలు ఇంగ్లీషులో లేని పాత లైసెన్సు అయితే ఆర్టీఏ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. కొన్ని అద్దె సంస్థలు తమంత తాముగా అది అడుగుతాయి, ఉంటే మంచిదే.

స్టీరింగ్ కుడివైపు, ప్రయాణం ఎడమవైపు. మనవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. ఆ సౌకర్యం వల్లే అంతా మన రోడ్డులాగే ఉందన్న భ్రమ కూడా కలుగుతుంది. ఊరి బయట గరిష్ఠ వేగం 100, ఊళ్లో 50. ఆ 100 అనేది పరిమితి మాత్రమే, మలుపు ముందు పసుపు బోర్డు మీద 35 అని ఉంటే 35కే దిగాలి. మధ్యగీత మీ వైపు పసుపురంగులో నిండుగా ఉంటే దాటి వెళ్లకూడదు. రౌండ్‌అబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి, స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే. హారన్ దాదాపు మరచిపోండి. పశ్చిమ తీరంలో ఒక్క వాహనమే పట్టే వంతెనలు చాలా ఉన్నాయి: ఎర్ర అంచున్న గుండ్రని బోర్డు మీద మీ దిశలోని బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మీరు ఆగాలి, నీలిరంగు బోర్డు మీద పెద్ద తెల్ల బాణం ఉంటే ముందు వెళ్లే హక్కు మీది, అయినా ఎదురు వాహనం ఆగిందో లేదో చూసుకునే వెళ్లాలి.

మీ వెనక నాలుగైదు వాహనాలు చేరితే పక్కన చోటు దొరకగానే తప్పుకుని వాటిని వెళ్లనివ్వండి. చుట్టూ చూస్తూ నిదానంగా వెళ్లడం మీ హక్కే. ఆ ఊళ్లవాళ్లు పనుల మీద వెళ్తుంటారు. ఫొటో కోసం రోడ్డు మీదో మలుపులోనో ఆపడం అక్కడ సందర్శకులు చేసే పనుల్లో అతి ప్రమాదకరమైనది. ప్రమాదకరంగా నడిపేవారి మీద దారిలో ఎవరైనా, నక్షత్రం గుర్తు నొక్కి 555కు ఫోను చేసి పోలీసులకు చెప్పవచ్చు. ప్రాణాపాయం ఉన్నప్పుడు నంబరు 111. మీరిద్దరూ గంటన్నరకొకసారి మారండి. అలసట కోసం మాత్రమే కాదు; నడిపేవారికి రోడ్డు తప్ప ఏమీ కనిపించదు, ఇద్దరికీ కొండలు చూసే వంతు రావాలి.

బుకింగులు ఈ వరుసలో చేయండి: ముందు ఏడు సీట్ల కారు, తరువాత టె అనావు, టెకపో బసలు, ఆపైన మిల్‌ఫర్డ్ పడవ, మిగతావి నిదానంగా. డిసెంబర్ రెండో సగం నుంచి అక్కడి వేసవి సెలవుల రద్దీ మొదలవుతుంది కాబట్టి మొదటి వారంలోనే వెళ్లాలన్న మీ నిర్ణయాన్ని మార్చకండి. కారు తీసుకునేటప్పుడు నలువైపులా, అద్దం, చక్రాలు, స్టెపినీ, లోపలి మీటరు వీడియో తీసుకోండి, అప్పటికే ఉన్న గీతలు ఒప్పంద పత్రంలో రాయించండి. అప్పగించేటప్పుడు ట్యాంకు నింపి, మళ్లీ వీడియో తీసి, ఎవరైనా వచ్చి చూసి సంతకం చేసేవరకు వేచి ఉండండి. కార్డులో బిగబట్టిన డబ్బు విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది, కనుక తిరుగు ప్రయాణం ఖర్చులకు మరో కార్డు దగ్గర పెట్టుకోండి.